గట్టిగా మెలేసి టేపు చుట్టు

నా భార్య జగిత్యాల ఆసుపత్రిలో చేరిన పదకొండో రోజున ఆమె తమ్ముడు సిరిసిల్ల నుంచి ఫోన్ చేశాడు. అక్క ఎట్లున్నదని అడిగాడు. అట్లనే ఉన్నదని చెప్పాను. మొహమాటపడుతూ ఇంకో సంగతి ఎత్తాడు. ముందు గదికి జిప్సం సీలింగ్ వేయిస్తున్నాడు. బోర్డుకు రంధ్రాలు కోసి అందులో పన్నెండు లైట్లు దింపాలి.

"కరెంటాయన వారం సంది తిప్పలు పెడుతుండు బావ. నేనే చేసుకుంట. వైర్లు ఎట్ల కలుపాలె?"

నేను వరండాలో ఉన్నాను. లోపల డాక్టరు ఆమె మంచం దగ్గరికి వచ్చాడు. తలుపు సందులోంచి ఆయన ముఖం చూస్తూ, "గట్టిగ మెలేసి టేపు చుట్టు" అని ఫోను పెట్టేశాను.

నేను ఇరవై ఆరేళ్లుగా ఇళ్లకు కరెంటు పని చేస్తున్నవాణ్ని. జగిత్యాలలో ఐటీఐ చదివాను. వైర్‌మన్ పర్మిట్ ఉంది. కోరుట్లలో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఒక్కరికి కూడా ఆ మాట చెప్పలేదు. వాళ్లలో ఎవరైనా ఇంకొకరికి అలా చెప్పారని తెలిస్తే మళ్లీ పనికి పిలిచేవాణ్ని కాదు. ఆ రోజు నేనే చెప్పాను. మరో తొమ్మిది రోజులకు ఆమె పోయింది. ఆ ఫోను సంగతి నాకు గుర్తు లేకుండా పోయింది.

మా వైపు చావు జరిగిన ఇంటివాళ్లను దినాలయ్యాక దగ్గరి చుట్టాలు తమ ఇంటికి పిలిచి ఒక రాత్రి పడుకోబెడతారు. దాన్ని నిద్ర అంటారు. నిద్రకు వెళ్లినవాడు అక్కడ పని ముట్టుకోకూడదు. పెట్టింది తినాలి, పక్క వేసిన చోట పడుకోవాలి, ఎవరితోనూ మాట పెంచుకోకూడదు. మాకు పిల్లలు లేరు కాబట్టి ఆమె పుట్టింటికి నేనొక్కణ్నే బయల్దేరాను. కోరుట్లలో బస్సెక్కి, వేములవాడలో మారి, సిరిసిల్లలో దిగేసరికి పగలు పన్నెండు దాటింది.

బావమరిది ఇల్లు పాతది, పైన సిమెంటు రేకులు. ముందు గది, వెనక వంటగది, పక్కన ఒకే గోడ అడ్డంగా సాంచాల షెడ్డు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. నాలుగు నడుస్తున్నాయి. షెడ్డు ముందు నుంచి వస్తుంటే వాటి చప్పుడు చెవుల్లో కొట్టింది. ముందు గదిలో అడుగుపెట్టగానే చప్పుడు సగానికి పడిపోయింది.

గదిలో మా అత్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. పట్టపగలు పైన పన్నెండు లైట్లూ వెలుగుతున్నాయి.

"బిడ్డ పోయిన కాడికెల్లి బంద్ చెయ్యనిస్తలేదన్నా," అంది బావమరిది భార్య, నీళ్ల చెంబు అందిస్తూ. "పొద్దుమాపు గిట్లనే. గామె ఈడనే పండుకుంటది."

బావమరిది నా పక్కకు వచ్చి తల పైకెత్తాడు. "ఎట్లున్నది బావ? ఒక్కన్నే చేసిన. నువ్వు చెప్పినట్టే."

అప్పుడు గుర్తొచ్చింది.

అన్నం పెట్టారు. తింటుండగా బావమరిది భార్య కూలర్ వేసింది. వేయగానే మంచానికి పైనున్న రెండు లైట్లు సన్నగా వణికి నిలబడ్డాయి. మరికాసేపటికి కూలర్ గాలిలో చేపలు మాడినట్టు ఒక వాసన తగిలింది. వాళ్లింట్లో ఆ రోజు చేపల్లేవు. ప్లాస్టిక్ స్విచ్చులు, హోల్డర్లు లోలోపల కాగుతున్నప్పుడు వచ్చే వాసన అది. ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"ఈ వాసన ఎన్ని దినాల సంది?"

"నేను పది దినాల సంది మొత్తుకుంటున్న," అంది ఆమె. "సాంచాల కాడ ఆయిల్ వాసనే అంటడు. ఆయన ముక్కు ఆయనిష్టం."

"ఆయిలే," అన్నాడు బావమరిది.

"కూలర్‌కు కరెంటు ఏడికెల్లి తీసినవ్?"

"లైట్ల వైర్ల కెల్లే. గోడ పగలగొట్టుడెందుకని. ఇస్త్రీ పెట్టె గుడ దానికే."

"సాంచాల సప్పుడు గింత తక్కువెట్ల అయింది?"

అతని ముఖం వెలిగింది. "అడుగుతవనుకున్న. అదే నా తెలివి బావ. బోర్డుల మీద వేస్ట్ నూలు కూరిన. పదిహేను బస్తాలు. సప్పుడాగింది, రేకుల ఎండ గుడ దిగుతలేదు. ఊకెనే పారబోసేది గదా."

నేను చెయ్యి కడుక్కున్నాను. సీలింగుకు, రేకులకు మధ్య ఏముందో ఇప్పుడు నాకు తెలుసు. దూది, పాలిస్టర్ కలిసిన నూలు చెత్త. అందులో పూడుకుపోయిన పన్నెండు లైట్లు, ఒక్కోదానికి కరెంటును తగ్గించి ఇచ్చే ఒక్కో చిన్న డబ్బా. ఆ డబ్బా వేడి గాలిలోకి పోవాలి. అక్కడ గాలి లేదు. రెండు వారాలుగా రాత్రింబగళ్లు వెలుగుతున్నాయి. వాటి మధ్య ఎన్ని చోట్లో నేను చెప్పినట్టు మెలేసి టేపు చుట్టిన అతుకులు. కింద మా అత్తమ్మ మంచం.

గోడకున్న బోర్డు మూత తీసి చూశాను. కరెంటు మోతాదు మించితే తనే పడిపోయే ఎంసీబీ లైట్లకు ఆరు ఆంపియర్లది ఉండాలి, దాని చోట ముప్పై రెండుది ఉంది.

"ఇదెవరు ఏసిన్రు?"

"నేనే. కూలర్, ఇస్త్రీ ఒక్కపారి పెడ్తే ఆరుది ఊకూకె పడుతుండె. పెద్దది ఏసిన. మల్ల పడలే."

"పడకుండ చేసినవ్. తీగ కాలుతున్నా ఇది పడది."

"ఏం గాదు తియ్యి బావ. వెల్గుతున్నయ్ గదా."

"సీలింగ్ విప్పాలె. ఇప్పుడే."

అతను దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు. "నిద్రకచ్చినోనివి నువ్వు. మీదికెక్కి ఇల్లు పీకుడేంది? వాడకట్టోళ్లు సూస్తే ఏమనుకుంటరు? రేపు పొద్దున సూద్దాం."

"రేపటిదాక అత్తమ్మను ఈడ పండవెడ్తవా?"

అత్తమ్మ మంచం కోడు పట్టుకుంది. "లైట్లు తియ్యకు అల్లుడా," అంది. "చీకట్ల నాకు పానం ఆగుతలేదు."

నేను మెయిన్ స్విచ్ దించాను. కూలర్ తడబడి మళ్లీ తిరిగింది. లైట్లు ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలిగాయి.

"సూసినవా, అవి గుడ పోతలేవు," అంది అత్తమ్మ.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ఉందా అని నేను అడగలేదు. మెయిన్ దించాను కదా అని నిచ్చెన ఎక్కి తీగ పట్టుకునేవాణ్ని. పనిలో ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా తొందరపడలేదు. వంటగదిలో ఉన్న ఇన్వర్టర్ కూడా ఆపి, దాని ప్లగ్గులు పీకాను. లైట్లు ఆరిపోయాయి, కూలర్ ఆగింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాంచాలకు మీటరు వేరు. అవి నడుస్తూనే ఉన్నాయి. షెడ్డులో వాటి సాకెట్‌లో, ఎప్పుడూ జేబులో ఉండే నా టెస్టర్ పెట్టి చూశాను, వెలిగింది. ముందు గది బోర్డులో పెట్టాను, వెలగలేదు. మళ్లీ షెడ్డులోకి వెళ్లి పెట్టి చూశాను, వెలిగింది. టెస్టర్ పాడైపోయినా వెలగదు. అందుకే మూడుసార్లు చూడాలి. బావమరిది నా వెనకే తిరుగుతూ, "గింత బయమా బావ నీకు?" అన్నాడు. అవునన్నాను.

అతని భార్యను మెయిన్ దగ్గర నిలబెట్టాను. "చెల్లె, నేను దిగినా అని చెప్పెదాక దీన్ని ఎవ్వలను ముట్టనియ్యకు. మీ ఆయనను గుడ."

"ఆయననైతే అసలే ముట్టనియ్య," అంది.

అత్తమ్మను లేపి మంచం బయట అరుగు మీద వేశాం. నిచ్చెన ఎక్కాను. మొదటి లైటు అంచు పట్టి కిందికి లాగితే స్ప్రింగులు విడిచి ఊడి వచ్చింది. దాంతో పాటు గుప్పెడు నూలు రాలింది. తెల్లగా ఉండాల్సిన నూలు లైటు చుట్టూ తేనె రంగులోకి తిరిగింది. డబ్బా ముట్టుకుంటే కాలింది. రెండోదీ అంతే. మూడోది ఆ నూలును తనకే అంటించుకుని వచ్చింది.

నాలుగో రంధ్రంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాను. షెడ్డులోంచి సాంచాలు నడిపే పెద్దాయన లోపలికి వచ్చాడు. షెడ్డులో ఫ్యానుకు మాత్రం ఇంటి కరెంటు ఇచ్చారట, అది ఆగిపోయింది. వస్తూనే ఎవరినీ అడగకుండా మెయిన్ మీదికి చెయ్యి చాపాడు. నేను పై నుంచి చూశాను. చెల్లె చేతిలో ఉన్న అట్లకాడతో అతని మణికట్టు మీద ఒక్కటి వేసింది.

"అమ్మో! ఏందమ్మా గిట్ల కొడ్తవ్?"

"మీద మనిషున్నడు, కండ్లు కనవడ్తలేవా? ఉడుకపోస్తె అంగి ఇప్పుకో, పో."

పెద్దాయన తల ఎత్తి నన్ను చూసి, రెండు చేతులూ జోడించి వెనక్కి నడిచాడు. నేను చెయ్యి బయటికి తీసి కాసేపు నిచ్చెనను పట్టుకుని నిలబడ్డాను.

మంచం ఉన్న చోటికి సరిగ్గా పైన, ఐదో లైటు పక్కన, వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది. నిమ్మకాయంత ఉంది. లాగితే తీగలతో సహా వచ్చింది. కూలర్‌కు, ఇస్త్రీ పెట్టెకు కరెంటు పోయే అతుకు అది. చుట్టూ పాలిస్టర్ కరిగి గడ్డకట్టింది, దూది నల్లగా మాడి దానికి అంటుకుంది. టేపు పెళుసుగా విరిగిపోయింది. లోపల రాగి కాస్తా నల్లబడింది.

కిందికి దిగి, దిగినా అని చెప్పి, దాన్ని బావమరిది చేతిలో పెట్టాను.

ఆ అతుకు ఎలా చేశాడో చూడగానే తెలిసింది. వాళ్లది మూడు తరాల నేత ఇల్లు. సాంచా మీద నిలువు పోగులు చుట్టి ఉన్న బీము అయిపోతే కొత్త బీము పోగులను పాత పోగులకు అతుకుతారు. రెండు కొసలు పక్కపక్కన పెట్టి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య బూడిద అద్దుకుని ఒక్కసారి నులిమి, పోగు వెంట పడుకోబెడతారు. ముడి ఉండదు, లావు ఉండదు. వేల పోగులు అలా అతికినా ఒక్కటి ఊడదు. అతను కరెంటు తీగలను అలాగే అతికాడు. కటింగ్ ప్లయర్ ముట్టనే లేదు. నులిమి, పడుకోబెట్టి, టేపు చుట్టాడు. చూడటానికి ఎంతో అందంగా ఉంది.

"నేను అతికిన పోగు ఊడిందని ఇయ్యాలటి దాక ఒక్క సేటు అనలే బావ," అన్నాడు.

"పోగుకు లాగుడు ఆగితే సాలు. దీంట్ల కరెంటు పోవాలె. రాగికి రాగి మొత్తం తాకకుంటె ఆ సందున కాగుతది. కాగితె ఇంకింత వదులైతది."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. చెప్పక తప్పదనిపించింది. చెప్పకుండా కోరుట్ల వెళ్లిపోవచ్చు, అడిగేవాళ్లు లేరు. అది కూడా ఆ క్షణంలో ఆలోచించాను.

"మెలేసి టేపు చుట్టుమన్నది నేను," అన్నాను, అరుగు మీదున్న అత్తమ్మకు వినిపించేలా. "పెట్టె పెట్టి, దాంట్ల కనెక్టర్ తోని బిగియ్యమని చెప్పాలె. వేరే పనోడు దొరికెదాక ఆగమని చెప్పాలె. చెప్పలే. ఇల్లు అంటుకుంటె అది నా మాటతోనే."

"నువ్వు దవాఖానల ఉంటివి," అన్నాడు అతను. "గా టైంల అడుగుడే నా తప్పు."

"ఇద్దరు తప్పు చేసిన్రు," అంది చెల్లె. "ఎవలది పెద్దదో మల్ల తూకమేసుకుందురు. ముందుగాల ఆ బస్తాలు దించున్రి."

ఒక పక్క బోర్డులు విప్పి నూలంతా దించాం. రెండు గంటలు పట్టింది. నూలు దిగేకొద్దీ సాంచాల చప్పుడు గదిలోకి తిరిగి వచ్చింది. చివరి బస్తా బయటికి పోయేసరికి ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. ఆ మనిషి తన తల్లికి ఈ చప్పుడు లేకుండా చేయాలనే అదంతా కూరాడు. ఆ సంగతి నేను మరిచిపోదల్చుకోలేదు.

దుకాణానికి వెళ్లి కావలసినవి తెచ్చాం. లైట్లకు వేరే తీగ, దానికి ఆరు ఆంపియర్ల ఎంసీబీ. కూలర్‌కు, ఇస్త్రీ పెట్టెకు బోర్డు నుంచే లావుపాటి తీగ, దాని ఎంసీబీ దానికి. మనిషికి షాక్ తగిలితే వెంటనే కరెంటు కొట్టేసే ఆర్‌సీసీబీ ఆ ఇంట్లో లేదు, అది కూడా పెట్టాను. ఎర్త్ తీగ లాగుతుంటే, "లైట్లకు ఎర్త్ ఎందుకు బావ?" అని అడిగాడు. సీలింగును మోసే ఇనుప పట్టీలన్నీ ఒకదానికొకటి తగులుతున్నాయని, ఒక్క తీగ తోలు చీరినా గదంతా కరెంటు పారుతుందని చూపించాను. ప్రతి అతుకూ మూత ఉన్న పెట్టెలోనే, ఆ పెట్టె లైటు తీస్తే చేతికి అందేచోటే. డబ్బా దేనిమీదా ఆనకుండా, పైన జానెడు ఖాళీ. కనెక్టర్ బిగించాక ఒక్కో తీగనూ లాగి చూడమన్నాను. అతను లాగాడు. ఒకటి ఊడి వచ్చింది. మళ్లీ బిగించాడు.

సాయంత్రానికి నాలుగు లైట్లు పూర్తయ్యాయి. మిగతా రంధ్రాలు ఖాళీగా ఉంచాం. గంటసేపు వెలిగించి, ఒక్కోదాని పైన చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. అప్పుడు అత్తమ్మ మంచం లోపల వేయొచ్చని చెప్పాను.

బావమరిది కదల్లేదు. నిచ్చెన కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఇంకో రెండిండ్లున్నయ్ బావ," అన్నాడు.

"ఏం ఇండ్లు?"

"మా సీలింగ్ సూసి అడిగిన్రు. అక్క పోకముందు. నేనే అతికిచ్చిన. నూలు గుడ కూరిచ్చిన. మా బావ చెప్పిన పద్ధతి అని చెప్పిన."

చెల్లె తల మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

మొదటిది అదే వాడలో నాలుగో ఇల్లు. ఒకావిడ తలుపు తీసింది. బావమరిది నా వెనక నిలబడ్డాడు. నేను చెప్పాను. ఆమె సగంలోనే ఆపింది.

"మంచిగనే వెల్గుతున్నయ్. మీ ఇంట్ల చావైంది, మనసు మంచిగ లేదు, సమజైతది. గని మా ఇల్లు ఇప్పుతనంటివి, ఇదేం మాటన్నా?"

బావమరిది జేబులోంచి మాడిన గడ్డ తీసి ఆమెకు చూపించాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. లోపలికి తిరిగి, "ఏవయ్యా, మెయిన్ బంద్ చెయ్" అని కేక వేసింది. పొద్దున వచ్చి విప్పేదాకా మెయిన్ వెయ్యనని ఆయన చేత అనిపించుకుని, ఇన్వర్టర్ లేదని చూసుకుని బయటపడ్డాం.

రెండో ఇల్లు తాళం వేసి ఉంది. ధర్మపురికి గోదారి స్నానానికి పోయారని, ఏ బస్సుకు వస్తారో తెలియదని ఎదురింటివాళ్లు చెప్పారు. ఫోను ఎత్తలేదు. తలుపు మీదున్న వెంటిలేటర్‌లోంచి తెల్లటి వెలుగు కనిపిస్తోంది. దేవుని గది వైపు రెండు లైట్లు ఆర్పకుండా పోయినట్టున్నారు.

"ఇన్వర్టర్ ఉందా?" అడిగాను.

"లేదు."

మీటరు బయటి గోడకే ఉంది, పక్కనే మెయిన్ స్విచ్. ఇంటివాళ్లు లేనప్పుడు వాళ్ల కరెంటు తీయడం నేనెప్పుడూ చేయని పని. లోపల ఫ్రిజ్ ఉండొచ్చు, ఇంకేమైనా ఉండొచ్చు. బావమరిది నా వైపు చూశాడు. ఎదురింటివాళ్లు కూడా చూస్తున్నారు. స్విచ్ దించాను. వెంటిలేటర్ నల్లబడింది. ముక్కు తలుపు సందుకు ఆనించి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. ఏమీ లేదని కూడా చెప్పలేను.

మేమిద్దరం వాళ్ల మెట్ల మీద కూర్చున్నాం. చెల్లె చెంబుతో చాయ్ పంపింది, తాగాం. ఒకసారి అతను, "వాళ్లు తిడ్తరు బావ" అన్నాడు. తిట్టనీ అన్నాను.

రాత్రి ఎనిమిది దాటాక వాడ మలుపులో ఆటో ఆగింది. తడి బట్టల సంచులతో భార్యాభర్తలు, వెనక ఒక ముసలాయన దిగారు. ముసలాయన గేటు దగ్గర ఆగి, చీకటిగా ఉన్న తన ఇంటిని, మెట్ల మీద ఉన్న మమ్మల్ని మార్చి మార్చి చూశాడు.

"ఏందిది? ఎవలు మీరు? కరెంటేమైంది?"

బావమరిది లేవబోయాడు. అతని భుజం మీద చెయ్యి వేసి ఆపి, నేను లేచాను. నేనెవరినో, వాళ్ల సీలింగ్ మీద ఏముందో, ఎవరి మాటతో అది అక్కడికి చేరిందో, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.